గంజి వార్చడం మానండి, గరిట పిడి లావు చేయండి: కీళ్ల నొప్పులతో ఇంటి పని

కీళ్ల నొప్పులున్నవాళ్లని ఇంట్లో ఏ పని కష్టమని అడిగితే బట్టలుతకడమనో, మెట్లెక్కడమనో అంటారు. నొప్పి వేళ్లలో, మణికట్టులో ఉంటే మాత్రం మొదట చెప్పుకోవాల్సింది గంజి వార్చడం గురించి. అరకిలో బియ్యం, రెండున్నర లీటర్ల నీళ్లు, గిన్నె, అన్నీ కలిపి దాదాపు 4 కిలోలు. ఆ గిన్నెని గుడ్డతో రెండు పక్కలా పట్టుకోవాలి. బొటనవేళ్లతో మూతని అదిమి, మణికట్లు పక్కకి వంచి, మొహానికి ఆవిరి కొడుతుంటే నిమిషం పాటు కదలకుండా నిలబడాలి. కీళ్లు బాగాలేనివాళ్లు చేయకూడని పనులు చాలావరకు ఈ ఒక్క నిమిషంలోనే ఉన్నాయి: బరువెత్తడం, వేళ్ల కొసలతో నొక్కిపట్టడం, మణికట్టు మెలిపెట్టడం, పట్టు సడలించకుండా ఉండడం.

వేళ్ల కొసలతో నొక్కిపట్టడం ఎందుకు చెడ్డదో ఒక్క లెక్కతో తెలుస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దేన్నైనా కిలో బలంతో పట్టుకుంటే, బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గరుండే కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. కొస దగ్గర చిన్న బలం, మొదట్లో పెద్ద భారం. తాళంచెవి తిప్పినా, గ్యాస్ నాబ్ నొక్కినా, మాత్ర రేకులోంచి మాత్ర తోసినా జరిగేది అదే. అందుకే ఇంట్లో మార్పులు మొదలుపెట్టేటప్పుడు ఏ పని బరువైనదని కాకుండా, ఏ పనిలో వేళ్ల కొసలు బిగుస్తున్నాయో చూడాలి. అక్కడ పనిని వేళ్ల నుంచి అరచేతికి, అరచేతి నుంచి ముంజేతికి, వీలైతే భుజానికి అప్పగించాలి. ఇక మోకాళ్ల విషయంలో చూడాల్సింది ఎత్తు. అంతకు మించి పెద్ద సూత్రమేమీ లేదు.

ఇంకో మాట చెప్పి వంటింట్లోకి వెళ్దాం. మనవాళ్లు "గుజ్జు అరిగిపోయింది" అనే అరుగుదల వేరు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే రుమటాయిడ్ వేరు. అరుగుదలలో పొద్దున లేవగానే ఉండే బిగుతు సాధారణంగా అరగంటలోపు సర్దుకుంటుంది. రుమటాయిడ్‌లో గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. ఇంటి పనికి ఇది ముఖ్యం. రుమటాయిడ్ ఉన్న మనిషి పొద్దున ఆరింటికి లేచి ఏడింటికల్లా పిల్లల క్యారేజీలు కట్టాలంటే, వేళ్లు ముడుచుకోని వేళలోనే ఆ పనంతా పడుతుంది. కూరలు తరగడం, చింతపండు గుజ్జు తీయడం, కొబ్బరి కోరడం ముందురోజు సాయంత్రానికి మార్చుకోవాలి. పొద్దున పొయ్యి వెలిగించే ముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు 10 నిమిషాలు ఉంచి, నీళ్లలోనే పిడికిలి మెల్లగా ముడుస్తూ తెరుస్తూ ఉంటే బిగుతు త్వరగా వదులుతుంది. కీలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉన్న రోజు వేడి వద్దు. ఐసు గడ్డలు గుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు పెట్టాలి.

వంటిల్లు

గంజి వార్చడం బదులు అత్తెసరు పెట్టండి. పాత సోనా మసూరికి గ్లాసుకి 2 గ్లాసుల నీళ్లు, అన్నం మెత్తగా కావాలంటే ఇంకో పావు గ్లాసు. కొత్త బియ్యమైతే కాస్త తగ్గించాలి. అరగంట నానబెడితే మెతుకు సమంగా ఉడుకుతుంది. నీళ్లు గిన్నెలో పోసి పొయ్యి మీదికి ఎత్తకూడదు. ఖాళీ గిన్నెని పొయ్యి మీద పెట్టి, చెంబుతో నీళ్లు పోయాలి. కరెంటు రైస్ కుక్కర్ ఉంటే మరీ మంచిది, తిప్పి బిగించే మూత ఉండదు. వార్చిన అన్నమే తినాలని పట్టుదల ఉంటే గిన్నె ఎత్తకుండా అన్నాన్నే తీయండి. లోపల దిగే చిల్లుల గిన్నెలో బియ్యం పోసి ఉడికించి, దాన్ని పైకి తీస్తే సగానికి సగం బరువు తగ్గుతుంది. అది కూడా బరువనిపిస్తే చిల్లుల గరిటతో తోడి జల్లెడలో వేసుకోవచ్చు. గంజి చల్లారాక మగ్గుతో తోడుకోండి.

ప్రెషర్ కుక్కర్ దగ్గర ఇబ్బంది రెండు రకాలు. మూత గిన్నె లోపలికి దిగే రకంలో మూతని ఏటవాలుగా దించి, రెండు పిడుల్నీ ఒక్క చేత్తో దగ్గరికి నొక్కి కొక్కెం తగిలించాలి. వేళ్లు బాగాలేని చేతికి ఇది చాలా కష్టం. మూత పైనుంచి పెట్టి తిప్పే రకం కొంత నయం, ఎందుకంటే అందులో వేళ్ల బదులు అరచేతిని వాడుకోవచ్చు. ఎలాగంటే, కుక్కర్‌ని తడిగుడ్డ మీద పెట్టండి, అప్పుడు జారదు. గట్టు ఎత్తుగా ఉంటే కుర్చీ ఎత్తున్న చిన్న బల్ల మీద పెట్టండి, పైనుంచి ఒంటి బరువు వాడుకోవచ్చు. గిన్నె పిడికి ఎడమచేతి అరచేతి మడమని, అంటే మణికట్టు దగ్గరుండే మందపాటి భాగాన్ని ఆనించి, మూత పిడిని కుడిచేతి అరచేతి మడమతో తోయండి. పిడుల చుట్టూ వేళ్లు బిగించొద్దు. కదలాల్సింది భుజం, మణికట్టు నిటారుగా ఉండాలి.

మూత కదలకపోతే బలం పెంచకండి. ముందు ఆవిరి పూర్తిగా పోయిందో లేదో చూడాలి. వెయిట్‌ని చెంచాతో కాస్త ఎత్తితే బుస్సుమనకూడదు. లోపల ఆవిరి ఉన్నప్పుడు బలవంతంగా తెరిస్తే పప్పు మొహాన పడుతుంది. ఆవిరి లేకపోయినా మూత బిగుసుకుంటోందంటే రబ్బరు గట్టిపడి ఉంటుంది, లేదా కిందపడి గిన్నె అంచు సొట్టపోయి ఉంటుంది. రబ్బరు తీసి వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, గట్టిగా అనిపించినా మార్చేయాలి. మంచి రబ్బరుకి రెండు చుక్కల నూనె రాస్తే మూత మెత్తగా తిరుగుతుంది. ఇద్దరే ఉండే ఇంట్లో 5 లీటర్ల కుక్కర్ అవసరమే లేదు. 2 లేదా 3 లీటర్లది చాలు.

ఇక పట్టకారు. మన వంటింట్లో అందరూ ఎంతో మెచ్చుకునే ఈ వస్తువు కీళ్లకి పగవాడు. చెవుల్లేని గిన్నెని, దాన్నిండా వేడి సాంబారుతో, కేవలం వేళ్లు బిగించిన బలంతో గాల్లో నిలబెట్టే పరికరమది. ఒక్క క్షణం పట్టు వదిలితే కాళ్ల మీద పడుతుంది. పట్టకారుతో ఎత్తే గిన్నెలన్నీ మెల్లమెల్లగా అటకెక్కించేసి, రెండు పక్కలా పెద్ద చెవులున్నవి కొనండి. నాలుగు వేళ్లూ దూరేంత చెవి ఉండాలి. ఒంటి పిడి బాణలి కన్నా రెండు చెవుల మూకుడు మేలు. పొయ్యికీ గట్టుకీ మధ్య గిన్నెని ఎత్తి దించడం బదులు, రెండూ ఒకే ఎత్తులో ఉంటే చెక్కపలక మీదుగా జరపొచ్చు.

గ్యాస్ పొయ్యి నాబ్ ఒకేసారి నొక్కి తిప్పాలి కాబట్టి బొటనవేలికి అన్యాయం. చాలామంది ఇంట్లో అది బిగుసుకోవడానికి కారణం అడుగున పేరుకున్న జిడ్డు. ప్లాస్టిక్ నాబ్ ముందుకి లాగితే వస్తుంది. వేడినీళ్లు, సబ్బుతో కడిగి బాగా ఆరాక పెట్టండి. అప్పటికీ బిగుతుగా ఉంటే లోపలి వాల్వుకి గ్రీజు పెట్టాలి, అది పొయ్యి మెకానిక్ పని. మీరు విప్పితే గ్యాస్ కారొచ్చు. కాఫీ, టీ, పాలు, కూర వేడిచేయడం లాంటి చిన్న పనులకి ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటే రోజుకి పదిసార్లు నాబ్ నొక్కడం తప్పుతుంది. దాని మీద అడుగు చదునుగా ఉండి, అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయి. సిలిండర్ సంగతి చెప్పక్కర్లేదు, 14.2 కిలోల గ్యాసు నిండిన స్టీలు సిలిండర్ మొత్తం 30 కిలోల దాకా ఉంటుంది. కింద చక్రాల స్టాండు వేయించి, దాన్ని బిగించే పని తెచ్చిన మనిషికే అప్పజెప్పండి.

కత్తిపీట గురించి అందరూ ఒకే మాట అంటారు, మానేయమని. అది సగమే నిజం. మోకాళ్లకి కత్తిపీట చెడ్డది, నేలమీద కూర్చుని కాలు మడవాలి కనుక. చేతులకి మాత్రం చాకు కన్నా మంచిదే. చాకుతో ఒక చెయ్యి పిడిని బిగిస్తుంది, మణికట్టు వంగుతుంది. కత్తిపీట మీద కాయని రెండు చేతులతో పట్టుకుని ముందుకి తోస్తాం, బలం భుజాల నుంచి వస్తుంది. అందుకని చెక్కపీటకి బిగించిన చిన్న కత్తిపీటని బరువైన బల్ల అంచుకి రెండు సీ క్లాంపులతో (మర తిప్పి బిగించే ఇనుప పట్టులతో) కదలకుండా బిగించి, ఎదురుగా కుర్చీ వేసుకుని తరగొచ్చు. క్లాంపు ఒక్కటే వేస్తే పీట పక్కకి తిరుగుతుంది, ఆ తిరగడంలోనే వేళ్లు తెగుతాయి. పని అవ్వగానే అలుగుకి గుడ్డో తొడుగో వేయాలి. చాకే వాడాలనుకుంటే నిటారుగా నిలబడే పిడి ఉన్నది, అంటే రంపంలా పట్టుకునే రకం వాడితే మణికట్టు వంగదు. గుమ్మడికాయ, కంద, పచ్చి అరటి లాంటివాటిని ముందు కాస్త ఆవిరి మీద ఉడికించి తరిగితే సగం బలం సరిపోతుంది.

చింతపండు పిసకొద్దు. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, జల్లెడలో వేసి గరిట వెనక్కి తిప్పి రుద్దితే గుజ్జు దిగుతుంది. గోంగూర ఆకు ఆకూ గిల్లడం బదులు రెమ్మని పైన పట్టుకుని కత్తెరతో తుంచుకోవచ్చు. ఆ కత్తెర వదలగానే తనంతట తాను తెరుచుకునే స్ప్రింగు రకమైతే వేళ్లతో తెరిచే శ్రమ ఉండదు. చపాతీ పిండికి 2 కప్పుల పిండి, ముప్పావు కప్పు వేడినీళ్లు పోసి గరిటతో కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. నీళ్లు చాలకపోతే చెంచా చెంచాగా కలపండి. పిండి నీళ్లు పీల్చుకుని దానంతటదే మెత్తబడుతుంది, తర్వాత రెండు నిమిషాలు పిసికితే చాలు. ఇడ్లీ పిండి బయట కొనుక్కుంటే పరువేం పోదు. ఇంట్లోనే రుబ్బాలంటే గ్రైండరు రాళ్లు చేత్తో ఎత్తాల్సిన రకం కాకుండా, గిన్నెతో సహా ముందుకి వంగే టిల్టింగ్ రకం చూడండి.

రోజూ వాడే వస్తువులు నడుముకీ భుజానికీ మధ్య ఉండాలి. పది కిలోల బియ్యం డబ్బా, అయిదు లీటర్ల నూనె డబ్బా కింది అరలో ఉంటే ప్రతిసారీ వంగాలి, ఎత్తాలి. వారానికి సరిపడా చిన్న డబ్బాల్లోకి ఎవరైనా వచ్చినప్పుడు పోయించి పెట్టుకోండి. సీసా మూతలకి పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి వంటింట్లో ఉంచుకుంటే, మూత మీద పరిచి అరచేత్తో తిప్పొచ్చు. కింద సీసా జారకుండా తడిగుడ్డ వేయాలి.

పిడి లావు

ఎక్కువ ఖర్చు లేకుండా ఎక్కువ సుఖమిచ్చే మార్పు ఇదే. సన్నటి పిడిని పట్టుకోవాలంటే వేళ్లు పూర్తిగా ముడుచుకోవాలి. ముడుచుకున్న వేళ్లకి బలం తక్కువ, నొప్పి ఎక్కువ. అదే పిడిని లావు చేస్తే తక్కువ బిగింపుతో నిలుస్తుంది.

ఏసీ బిగించేవాళ్లు రాగి పైపుల చుట్టూ తొడిగే నల్లటి ఫోమ్ గొట్టం ఉంటుంది. ఏసీ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. గరిటలు, చెంచాలు, చాకు, టూత్‌బ్రష్, దువ్వెన, పెన్ను, దేనికైనా తొడగొచ్చు. 5 అంగుళాల ముక్కలు కోయండి, మీటరు గొట్టంలో ఏడు వస్తాయి. గొట్టం రంధ్రం పిడి కన్నా కాస్త చిన్నది ఉండాలి. సమానంగా ఉంటే తొడగడం సులువే కానీ పట్టుకున్నప్పుడు గరిట లోపల గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడానికి మళ్లీ వేళ్లు బిగుస్తాయి. చాకు విషయంలో ఇది ప్రమాదం కూడా. పిడికి సబ్బునీళ్లు రాసి తొడిగితే జారుతూ ఎక్కుతుంది, ఆరాక పట్టేస్తుంది.

ఎంత లావు? పిడి చుట్టూ చెయ్యి వేస్తే బొటనవేలి కొసకీ మధ్యవేలి కొసకీ మధ్య కొద్దిగా సందు ఉండాలి. వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సన్నం. రెండు వేళ్ల వెడల్పు సందు మిగిలితే మరీ లావు, అప్పుడు అరచెయ్యి సాగి నొప్పెడుతుంది. పెద్ద చేతులకీ చిన్న చేతులకీ ఒకే కొలత పనికిరాదు కాబట్టి ఆ మనిషి చేతికే పెట్టి చూడాలి. ఫోమ్ మంటకి కాలుతుంది, అందుచేత పొయ్యి మీద వాడే గరిటలకి పిడి చివరి భాగానికే తొడగండి. వారానికోసారి తీసి కడిగి ఆరబెట్టకపోతే లోపల తడి నిలిచి వాసనొస్తుంది.

తాళంచెవి కూడా పిడే. చెవి రంధ్రంలోంచి పెన్సిలంత చెక్కపుల్ల అడ్డంగా దూర్చి కట్టేస్తే, రెండు వేళ్లతో తిప్పాల్సింది నాలుగు వేళ్లతో తిప్పొచ్చు. ఫ్రిజ్ తలుపు పిడికి గుడ్డ ఉంగరంలా కట్టి, అందులోకి ముంజేయి దూర్చి లాగండి. గుండ్రటి తలుపు నాబ్‌లు తీసేసి మోచేత్తో నొక్కగలిగే పొడవు పిడులు వేయించుకోవాలి. కొళాయి కూడా అంతే. పాతకాలపు తిప్పే రకం కారుతోందని గట్టిగా బిగిస్తాం, బిగించేకొద్దీ వాషరు నలిగి ఇంకా కారుతుంది, మరునాడు ఇంకా గట్టిగా బిగించాల్సి వస్తుంది. పావు చుట్టు తిప్పితే ఆగే లివర్ కొళాయి వేయిస్తే ఆ గొడవ వదులుతుంది.

కుర్చీ, మంచం ఎత్తు

మోకాలి నొప్పికి మందు ఎంతో కుర్చీ ఎత్తు కూడా అంతే. మోకాలు 90 డిగ్రీలు దాటి వంగిన స్థితి నుంచి లేవడమే దానికి భారం. కొలత ఇలా తీయండి: చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడిన మనిషికి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపుతో కొలవాలి. దానికి 1–2 అంగుళాలు కలిపితే కూర్చునే ఎత్తు. చాలామందికి 17–19 అంగుళాల దగ్గర వస్తుంది. కొలిచేటప్పుడు పరుపు మీద కూర్చుని, నొక్కుకుపోయాక ఉన్న ఎత్తే లెక్క. మెత్తటి సోఫా చూడ్డానికి 17 అంగుళాలు ఉన్నా కూర్చుంటే 13 అవుతుంది, అందులోంచి లేవడానికి ఇద్దరు కావాలి. నవారు మంచం సడలి కుంగినా అదే జరుగుతుంది, నవారు బిగించి నేయించాలి. మంచం ఎత్తు పెంచడానికి ఇటుకలు పెట్టొద్దు, పక్కకి జరుగుతాయి. కోళ్లు లోపలికి దిగే గుంటలున్న దిమ్మలు నాలుగూ ఒకే ఎత్తువి పెట్టాలి.

లేచే పద్ధతి నేర్చుకోవడానికి ఒక్కరోజు చాలు. కుర్చీ అంచుకి జరగండి. పాదాలు మోకాళ్ల కిందికి, కాస్త వెనక్కి తెచ్చుకోండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగండి. అప్పుడు చేతుల కుర్చీ పిడుల మీద అరచేతులు ఆనించి లేవండి. వెనక్కి వాలి ఉండి లేవబోతేనే మోకాళ్ల మీద భారమంతా పడుతుంది. చేతివేళ్లు వాచి ఉంటే పిడికిలి మడిచి కణుపుల మీద బరువు వేయకండి, ముంజేతులు ఆనించండి. మంచం మీంచి లేవాలంటే నిటారుగా లేచి కూర్చోకుండా ముందు పక్కకి తిరగాలి, కాళ్లు కిందికి జార్చాలి, ఆ బరువుతోపాటే మోచేతిని నొక్కి పైకి రావాలి.

పూజ గూడు నేలకి దగ్గరగా ఉంటే గోడకి నడుము ఎత్తున బల్ల కొట్టించి అక్కడికి మార్చండి. దీపారాధనకి కుర్చీలో కూర్చుంటే దేవుడు ఏమీ అనుకోడు. ముగ్గు మానలేనివాళ్లకి సన్నటి చిల్లుల గొట్టం, పొడవు కర్రకి బిగించి తోసే రకం ఉంటుంది. చుక్కల ముగ్గు రాదు కానీ గుమ్మం బోసిపోదు.

బాత్రూమ్

పడిపోవడమన్నది ఇక్కడే ఎక్కువ భయం, అందుకే డబ్బు ఖర్చుపెట్టాల్సిన చోటూ ఇదే.

నేల దొడ్డి ఉన్న ఇళ్లలో దాని మీద పెట్టుకునే ఇనుప కమోడ్ స్టూలు చవకైన మార్గం. కాళ్ల కింద రబ్బరు బుష్షులు నాలుగూ ఉన్నాయా, పాత ఇళ్లలో దొడ్డి చుట్టూ ఉండే మెట్టు మీద ఒక కాలు ఎక్కి స్టూలు ఊగుతోందా చూడాలి. ఊగితే వాడొద్దు. ఎవరైనా ఒక పక్కకి ఒరిగి లేస్తే బోల్తా పడుతుంది. పక్కా పని చేయించాలంటే మేస్త్రీని పిలిచి వెస్టర్న్ కమోడ్ పెట్టించండి. మామూలు కమోడ్ 15–16 అంగుళాల ఎత్తే ఉంటుంది. మోకాళ్లు బాగాలేని మనిషికి అది చాలదు. 17–19 అంగుళాల ఎత్తు రకం అడగండి, లేదా ఉన్నదాని మీద బిగించే 2, 4, 6 అంగుళాల ఎత్తు సీట్లు దొరుకుతాయి. ఊరికే పైన పెట్టేదాని కన్నా పక్క మరలతో బిగుసుకునేది తీసుకోండి. మరీ ఎత్తు చేసేస్తే పాదాలు నేలకి ఆనవు, అప్పుడు కూర్చున్న మనిషి ముందుకి జారుతాడు.

పట్టుకునే ఊచలు స్టెయిన్‌లెస్ స్టీలువి, ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల లావు, గోడకీ ఊచకీ మధ్య ఒకటిన్నర అంగుళాల సందు. సందు ఇంకా ఎక్కువైతే జారిన చెయ్యి లోపలికి దూరి ఇరుక్కుంటుంది. అమెరికా ప్రమాణాల్లో అడ్డ ఊచ నేల నుంచి 33–36 అంగుళాలు. ఐదడుగులు కూడా లేని అమ్మమ్మకి అది ఎక్కువే. ఆవిణ్ణి కమోడ్ మీద కూర్చోబెట్టి, చెయ్యి సహజంగా పడే చోట పెన్సిల్ గీత పెట్టి అక్కడ బిగించండి. టైలు మీద మాత్రమే, లేదా పైపూత సిమెంటులో మాత్రమే దిగిన మర మనిషి బరువు మోయదు. టైలు, పూత దాటి ఇటుకలోకి పోవాలి. బోలు ఇటుక, తేలికపాటి బ్లాకుల గోడలకి వాటికి తగిన యాంకర్లు వేరే ఉంటాయి, ఆ సంగతి మేస్త్రీకి ముందే చెప్పాలి. బిగించాక మీరు ఊచని పట్టుకుని మీ బరువంతా వేసి లాగి చూడండి, కదిలితే అప్పుడే చెప్పండి. గోడకి గాలితో అంటుకునే రబ్బరు కప్పుల ఊచల్ని నమ్మకండి. తువ్వాలు వేసుకునే కడ్డీని అసలే నమ్మకండి. చేతివేళ్లు బాగా పాడైనవాళ్లు ఊచని పట్టి లాగలేరు, ముంజేతుల్ని ఆనించి కిందికి నొక్కి లేస్తారు. వాళ్లకి కమోడ్ చుట్టూ రెండు పక్కలా చేతులున్న ఫ్రేము ఎక్కువ పనికొస్తుంది.

హెల్త్ ఫాసెట్ మీట బొటనవేలితో నొక్కిపట్టాలి. అది కుదరకపోతే సీటు కింద అమర్చే జెట్ పెట్టించి, దానికి పావు చుట్టు లివర్ వేయించండి.

స్నానానికి 20 లీటర్ల బకెట్టు నిండితే 20 కిలోలు. దాన్ని జరపడం మానేసి, కొళాయి కిందే ఉంచి, దాని పక్కన స్టూలు వేసుకోవాలి. బకెట్టుని కూడా చిన్న పీట మీద పెడితే వంగడం తగ్గుతుంది. లీటరు మగ్గు అంటే చెయ్యి చాచిన చివర కిలో బరువు, అదీ ఒక్క మణికట్టు మీద. అరలీటరుది వాడండి, లేదా రెండు చెవులది. చేత్తో పట్టుకునే షవరు ఒకటిన్నర మీటర్ల గొట్టంతో పెట్టిస్తే మగ్గు పనే ఉండదు. స్టూలు కాళ్లు వెడల్పుగా విచ్చుకుని, కింద రబ్బరుతో ఉండాలి. మామూలు ప్లాస్టిక్ స్టూలు సబ్బునీళ్ల మీద జారుతుంది.

తలుపు లోపలికి తెరుచుకునే బాత్రూములో మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటివాళ్లు లోపలికి రాలేరు. కార్పెంటర్‌ని పిలిచి బందులు మార్పించి తలుపు బయటికి తెరుచుకునేలా చేయించండి. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది ఉండాలి.

బట్టలు, చీపురు

తడిబట్ట పిండడం మణికట్టుకి గంజి వార్చడం లాంటిదే. వాషింగ్ మెషీన్ ఉంటే పిండేపని దానికే. పైనుంచి వేసే రకంలో అడుగునున్న తడి చీర తీయడానికి లోపలికి వంగాలి, కొక్కెం ఉన్న కర్ర పెట్టుకోండి. ముందు తలుపు రకాన్ని అడుగు ఎత్తు స్టాండు మీద పెట్టండి. దండెం భుజం ఎత్తు దాటకూడదు. పొట్టి చీపురు బదులు పొడవు కర్ర చీపురు, చేత్తో పిండే గుడ్డ బదులు బకెట్టులో తిప్పి ఆరే మాప్. జాకెట్టు హుక్కుల కింద వెల్క్రో కుట్టించి, పైకి హుక్కులు అలాగే కనబడనివ్వొచ్చు. లంగా బొందు బదులు ఎలాస్టిక్ వేయించుకుంటే ముడి విప్పే బాధ పోతుంది.

మాత్రల దగ్గర

రుమటాయిడ్‌కి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రోజువారీ మాత్రల డబ్బాలో దీన్ని కలపకండి. వేరే చిన్న డబ్బాలో పెట్టి, దాని మీద "ఆదివారం మాత్రమే" అన్నట్టుగా, డాక్టరు చెప్పిన వారం పేరు పెద్దక్షరాలతో రాసి అంటించండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఏ రోజు వేసుకోవాలో పక్కనే రాయాలి. రెండూ పసుపు రంగులోనే వస్తుంటాయి, కళ్లజోడు లేకుండా తడబడడం సులువు.

రేకులోంచి మాత్ర బొటనవేలితో తోయలేకపోతే బల్ల మీద మాత్ర దిగేంత ఖాళీ మూత పెట్టి, మాత్రల బుడిపెలు పైకి ఉండేలా రేకుని దాని మీద ఆనించి, చెంచా వెనక భాగంతో నొక్కితే లోపలికి పడుతుంది. నొప్పి మాత్రలు రెండు రకాలు కలిపి వేసుకోవద్దు. బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా అసలే వేసుకోవద్దు. పేరూ ఊరూ లేని పొట్లాల్లో వచ్చే "కీళ్ల పొడి" రెండు రోజుల్లో మాయలా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే, డాక్టరుకి పొట్లం చూపించి మెల్లగా ఆపాలి.

ఊతకర్ర, మెట్లు, అమెరికా టబ్బు

ఊతకర్ర నొప్పి ఉన్న మోకాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పైతే ఎడమచేతిలో. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు, అప్పుడు ఒళ్లు అటే వాలి నొప్పి కాలి మీదే బరువు పడుతుంది. కర్ర ఎత్తు, చెయ్యి వేలాడదీస్తే మణికట్టు మడత ఉన్న చోటికి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి అక్కడి బాత్‌టబ్ పెద్ద పరీక్ష. 14–15 అంగుళాల గట్టు కాలెత్తి దాటాలి, లోపల నున్నగా జారుతుంది, అలవాటు కొద్దీ అందులో బకెట్టు, మగ్గు పెట్టుకుంటే తిరిగే చోటు కూడా ఉండదు. వాళ్లు దిగే లోపే రెండు కాళ్లు టబ్బు బయట, రెండు లోపల ఉండే స్నానపు బెంచీ తెప్పించి పెట్టండి. దాని మీద బయటే కూర్చుని, కాళ్లు ఒకటొకటిగా లోపలికి తిప్పుకోవచ్చు. షవరు తల విప్పి గొట్టం షవరు బిగించడానికి ప్లంబరు అక్కర్లేదు. అక్కడి మందుల సీసాలకి పిల్లలు తీయలేని మూతలు ఉంటాయి, నొక్కి తిప్పాలి, కీళ్లు బాగాలేని పెద్దవాళ్లూ తీయలేరు. ఫార్మసీలో అడిగితే సులువుగా తెరుచుకునే మూత వేసిస్తారు. ఆ మూత వేయించుకున్నాక సీసాని మనవల చేతికి అందని అరలో పెట్టాలి, కానీ తాతయ్య స్టూలెక్కి తీయాల్సిన అరలో మాత్రం కాదు.